సిలికాన్ పలకలో వెలుగు ఎంత దూరం తిరగగలదు? 4ఎన్² హద్దు మీద చర్చ

చుక్కతార

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. సౌర ఘటాల పాఠంలో ఒకచోట ఆగిపోయాను. కాంతిని బలహీనంగా శోషించే పలక ఉపరితలాన్ని ఎంత నేర్పుగా గరుకు చేసినా, అందులో శోషణ 4ఎన్² రెట్లకు మించి పెరగదని పుస్తకం చెబుతోంది. ఇక్కడ ఎన్ అంటే ఆ పదార్థపు వక్రీభవన గుణకం. సిలికాన్‌కు అది సుమారు 3.5 కాబట్టి హద్దు 49, ఇంచుమించు 50 రెట్లు. సూత్రాన్ని కంఠస్థం చేయడం కష్టమేమీ కాదు. కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని హద్దు అని ఎందుకు అనాలో తెలియకుండా ముందుకు వెళ్లడానికి మనసు ఒప్పుకోవడం లేదు. పైగా దీన్ని దాటామని చెప్పే పరిశోధన పత్రాలు కూడా ఉన్నాయని మా సీనియర్లు అంటున్నారు. దాటగలిగినది హద్దు ఎలా అవుతుంది? ఇంకొకటి: అందరూ 33 శాతం అని చెప్పే షాక్లీ–క్వైసర్ హద్దుకూ దీనికీ సంబంధం ఏమిటి?

విశ్రాంత అధ్యాపకుడు

ముందు చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే ఈ రెండింటినీ కలిపేసుకుంటే మిగతాదంతా చిక్కుపడుతుంది. విలియం షాక్లీ, హాన్స్ క్వైసర్ 1961లో వేసిన లెక్క మొత్తం సామర్థ్యం గురించినది. శక్తి అంతరం (పదార్థంలో ఎలక్ట్రాన్‌ను కదిలేలా విడిపించడానికి కావలసిన కనీస శక్తి) కంటే ఎక్కువ శక్తి ఉన్న ప్రతి ఫోటానూ శోషణ చెందుతుందని వారు ముందే అనుకుని, ఆ తర్వాత విద్యుత్తుగా ఎంత తీయవచ్చో లెక్క కట్టారు. శక్తి అంతరం 1.34 ఎలక్ట్రాన్ వోల్టులు ఉన్న పదార్థానికి అది సుమారు 33.7 శాతం దగ్గర శిఖరాన్ని అందుకుంటుంది. మీరు అడుగుతున్న 4ఎన్² మాత్రం వారు ముందే ఉన్నదనుకున్న ఆ పూర్తి శోషణ నిజంగా సాధ్యమా, ఎంత మందం పలకలో సాధ్యం అన్న ప్రశ్నకు సంబంధించినది.

సిలికాన్ విషయంలో ఈ ప్రశ్న ఎందుకు బలంగా లేస్తుందో అంకెలతో చూడండి. 600 నానోమీటర్ల నారింజ వెలుగుకు సిలికాన్‌లో శోషణ గుణకం సెంటీమీటరుకు దాదాపు 4,000, అంటే రెండున్నర మైక్రాన్ల లోతులోనే వెలుగు మూడో వంతుకు పడిపోతుంది. 800 నానోమీటర్ల దగ్గర అందుకు 12 మైక్రాన్లు కావాలి. 1000 దగ్గర దాదాపు 156 మైక్రాన్లు. 1100 నానోమీటర్ల దగ్గర గుణకం సెంటీమీటరుకు 3.5 మాత్రమే కాబట్టి దాదాపు మూడు మిల్లీమీటర్లు కావాలి. ఇది పరోక్ష శక్తి అంతరం ఉన్న పదార్థం. అంచు దగ్గరి ఫోటాన్ శోషణ చెందాలంటే స్ఫటిక జాలక కంపనం కూడా అదే క్షణంలో చేయి కలపాలి, అది అరుదుగా జరుగుతుంది. ఈనాటి వేఫర్ (ఘటానికి వాడే సిలికాన్ పలక) మందమేమో 150 మైక్రాన్ల అటూ ఇటూ. మూడు మిల్లీమీటర్ల ప్రయాణం కావలసిన వెలుగును ఆ పలుచని పలకలోనే అటూ ఇటూ తిప్పి ఆ దూరం నడిపించడమే మన పని. ఎంత దూరం నడిపించగలమన్నదానికే 4ఎన్² అనే జవాబు.

నా చిన్నతనంలో మా ఊరి దిగుడుబావిలో ఈత నేర్చుకునేటప్పుడు, నీటి అడుగున కళ్లు తెరిచి పైకి చూసిన దృశ్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆకాశమంతా, బావి గట్టు మీద నిలబడ్డ మనుషులతో సహా, తల మీద ఒక గుండ్రటి కిటికీలోకి కుదించుకుపోయి కనిపిస్తుంది. ఆ వృత్తం బయట నీటి ఉపరితలం అద్దంలా మెరుస్తూ, బావి లోపలి రాళ్లనే తిరిగి చూపిస్తుంది. సందిగ్ధ కోణం అంటే, అంతకు మించి ఏటవాలుగా తాకిన వెలుగు బయటికి పోకుండా లోపలికే తిరిగి వచ్చే కోణం. నీటికి అది 48.6 డిగ్రీలు కాబట్టి ఆ కిటికీ పెద్దదే. సిలికాన్ లోపలి నుంచి చూడగలిగితే సందిగ్ధ కోణం 16.6 డిగ్రీలే, అంటే బయటి లోకమంతా ఒక చిన్న కన్నంలో ఇమిడిపోతుంది. ఉపరితలాన్ని గరుకు చేసి వెలుగును లోపల అన్ని దిక్కులకూ చెదరగొడితే, మళ్లీ ఆ కన్నం దిక్కుకు తిరిగేదాకా అది బయటికి పోలేదు. ఇప్పుడు మీరే లెక్క వేసి చూడండి.

చుక్కతార

మాస్టారూ, ధన్యవాదాలు. బావి ఉదాహరణతో లెక్క మొదలుపెట్టగలిగాను. అర్ధగోళంలో 16.6 డిగ్రీల శంకువు ఆక్రమించే ఘనకోణం భాగం దాదాపు 4.2 శాతం వచ్చింది. అంటే వెలుగు పైతలాన్ని తాకిన ప్రతిసారీ 4.2 శాతమే బయటికి పోతుంది, సగటున 24 సార్లు తిరుగుతుంది. ఒక్కో తిరుగుడుకు కిందికి ఒక మందం, పైకి ఒక మందం, మొత్తం రెండు మందాలు. 24ను రెండుతో గుణిస్తే 48. పుస్తకంలోని 49కి ఇంత దగ్గరగా వచ్చింది కాబట్టి సరిగ్గానే చేశాననుకుంటున్నాను.

పలుచనిపొర

చుక్కతార గారూ, జవాబు సరిగ్గా వచ్చినా దారిలో రెండు పొరపాట్లు ఉన్నాయి, అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. నేనూ చదువుకునే రోజుల్లో సరిగ్గా ఇక్కడే పడ్డాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మొదటిది: లోపల వెలుగు అన్ని దిక్కులకూ సమానంగా ఉన్నప్పుడు, ఉపరితలాన్ని తాకే ప్రవాహం మాత్రం అన్ని దిక్కుల నుంచీ సమానంగా ఉండదు. నిటారుగా వచ్చే కిరణాలు ఎక్కువగా తాకుతాయి, ఏటవాలుగా వచ్చేవి కోణపు కొసైన్ మేరకు తగ్గుతాయి. ఆ బరువు కలిపి లెక్కిస్తే బయటికి పోయే భాగం సందిగ్ధ కోణపు సైన్ వర్గం, అంటే ఎన్² లో ఒక వంతు, సిలికాన్‌కు 8.2 శాతం. కాబట్టి తిరుగుళ్లు 24 కాదు, 12 చిల్లర.

రెండోది: కిరణాలు నిటారుగా నడవవు. ఏటవాలు కిరణం ఒక వైపు నుంచి మరో వైపుకు చేరడానికి పలక మందం కంటే ఎక్కువ దూరం నడుస్తుంది. అదే కొసైన్ బరువుతో సగటు తీస్తే ఒక్కో దాటుకు సరిగ్గా రెండు మందాలు వస్తుంది, రానూపోనూ నాలుగు. ఎన్² తిరుగుళ్లు, ఒక్కోదానికి నాలుగు మందాలు: అదే 4ఎన్². సూత్రంలోని నాలుగు ఎక్కడిదో, ఎన్² ఎక్కడిదో విడివిడిగా కనిపించే దారి ఇదే. అందుకే దీన్ని దాటవేయవద్దని నా మనవి.

వేఫర్‌గది

ఈ లెక్క చేతుల్లో ఎలా ఉంటుందో చెప్పాలనిపించింది. నేను ఘటాల తయారీ లైనులో పనిచేస్తాను. రంపం నుంచి వచ్చిన వేఫర్ బూడిద రంగులో, నున్నటి స్లేటు ముక్కలా ఉంటుంది. దాన్ని వేడి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ముంచితే హైడ్రోజన్ బుడగలు ఉపరితలమంతా నురగలా లేస్తాయి. క్షారం స్ఫటికంలోని అన్ని తలాలనూ ఒకే వేగంతో తినదు. ఒక తలాన్ని త్వరగా తిని మరో తలం దగ్గర నెమ్మదిస్తుంది కాబట్టి, కొన్ని మైక్రాన్ల ఎత్తున్న పిరమిడ్లు వాటంతట అవే మిగులుతాయి, వాటి ముఖాలు 54.7 డిగ్రీల వాలులో ఉంటాయి. బయటికి తీసేసరికి పలక మసిబట్టినట్టు నల్లబడుతుంది. దాని మీద 75 నానోమీటర్ల సిలికాన్ నైట్రైడ్ పూత పడ్డాక అందరికీ తెలిసిన ఆ ముదురు నీలం వస్తుంది.

నిటారుగా పడ్డ కిరణం పిరమిడ్ ముఖాన్ని తాకి లోపలికి వంగినప్పుడు, పలక నిట్టనిలువు గీతకు 41 డిగ్రీల వాలులో వెళ్తుంది. అంటే మొదటి దాటులోనే మందానికి 1.33 రెట్లు నడుస్తుంది. ద్రావణం పాతబడి కొన్నిచోట్ల పిరమిడ్లు లేవని రోజున పలక మీద మెరుపు మచ్చలు కనిపిస్తాయి, అలాంటి పలకలన్నిటిలో కరెంటు తగ్గి తేలుతుంది. ఆ మచ్చను వేలితో చూపించి, పుస్తకంలోని ఎన్² ఇక్కడ పోయిందని కొత్తగా చేరిన పిల్లలకు చెబుతుంటాను.

ఇంటికప్పు

నేను శాస్త్రం చదివినవాడిని కాదు, మా ఇంటి మీద పలకలు పెట్టించుకున్న ఆసక్తితో చదువుతున్నాను. అడగవచ్చో లేదో తెలియదు. లోపలికి వెలుగును రానిచ్చి బయటికి పోనివ్వని అద్దం ఒకటి పైన అతికిస్తే ఈ హద్దు ఉండదు కదా? దుకాణాల్లో ఒకవైపు నుంచే కనిపించే అద్దాలు ఉంటాయి.

విశ్రాంత అధ్యాపకుడు

తప్పకుండా అడగవలసిన ప్రశ్న, మొత్తం విషయానికి ఆయువుపట్టు అదే. దుకాణంలోని అద్దం నిజానికి రెండు వైపులకూ ఒకే మేరకు వెలుగును పంపుతుంది. ఒక గది చీకటిగా, మరో గది వెలుతురుగా ఉండడం వల్ల మనకు ఒకవైపే కనిపిస్తున్నట్టు అనిపిస్తుంది.

ఒకవేళ నిజంగా ఒకే దిక్కుకు మాత్రమే వెలుగును వదిలే పలక ఉందనుకోండి. దాన్ని ఒకే ఉష్ణోగ్రత ఉన్న రెండు మూసిన పెట్టెల మధ్య పెడితే, ఎవరి ప్రమేయమూ లేకుండా ఒక పెట్టె వేడెక్కుతూ, మరొకటి చల్లబడుతూ పోతుంది. ఉష్ణగతిక శాస్త్ర రెండవ నియమం దాన్ని ఒప్పుకోదు. కాబట్టి ఏ పదార్థమైనా, వెలుగు లోపలికి వచ్చిన ప్రతి దారినీ బయటికి పోయే దారిగా కూడా తెరిచి ఉంచవలసిందే.

ఎలీ యాబ్లోనోవిచ్ 1982లో ఈ హద్దును నిరూపించినది ఈ వాదనతోనే. అందులో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఆయన ఏ పిరమిడ్ ఆకారాన్నీ, ఏ గరుకు నమూనానూ పట్టుకుని లెక్క కట్టలేదు. పలకను అదే ఉష్ణోగ్రతలో ఉన్న వికిరణంలో ముంచి, సమతాస్థితిలో లోపల ఎంత వెలుగు ఉంటుందని అడిగారు. వక్రీభవన గుణకం ఎన్ ఉన్న పదార్థంలో కాంతికి అందుబాటులో ఉన్న స్థితులు, అంటే అది నిలవగల విధాలు, శూన్యంలో కంటే ఎక్కువ, అందువల్ల లోపలి తీవ్రత ఎన్² రెట్లు. అడుగున అద్దం ఉండి వెలుగు పైనుంచే పడుతున్నప్పుడు అది 2ఎన్² అవుతుంది. ఏటవాలు దారుల పొడవు మరో రెండు రెట్లు కలిపితే 4ఎన్². చుక్కతార గారు అడిగిన "హద్దు అని ఎందుకు అనాలి" అన్నదానికి జవాబు ఇదే: వెలుగు లోపల అన్ని స్థితులనూ నింపేశాక, అంతకు మించి నింపడానికి చోటు లేదు. ఎంత తెలివైన గరుకుతనమైనా ఆ నింపే పనిని పూర్తి చేయగలదే తప్ప కొత్త చోటును పుట్టించలేదు.

చుక్కతార

ఇప్పుడు నా మొదటి సందేహం ఇంకా పెద్దదైంది. రెండవ నియమం మీద నిలబడ్డదాన్ని ఎవరైనా ఎలా దాటుతారు?

పలుచనిపొర

రెండవ నియమాన్ని ఎవరూ దాటలేదు. ఆ లెక్క వెనుక ఉన్న ఊహలు వర్తించని చోటికి వెళ్లారు, అంతే. నా పని ఈ పలుచని పొరల మీదే కాబట్టి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఓపికగా చదవండి.

మాస్టారు చెప్పిన నిరూపణలో "స్థితులు" అన్న మాట దగ్గర ఆగండి. పలక మందం వెలుగు తరంగదైర్ఘ్యం కంటే ఎన్నో రెట్లు పెద్దదైతే, లోపలి స్థితుల సంఖ్యను పదార్థపు ఎన్ ఒక్కటే నిర్ణయిస్తుంది. మందం తరంగదైర్ఘ్యంలో సగానికో, అంతకు తక్కువకో దిగినప్పుడు కిరణం అన్న భావనే పనికిరాదు. అప్పుడు ఆ పొర ఒక తరంగ వాహకం, అందులో కొన్ని నిర్దిష్టమైన విధాలుగా మాత్రమే వెలుగు నిలుస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. 1997లో స్టువర్ట్, హాల్ అలా లెక్కపెట్టినప్పుడు, మామూలు పలుచని పొరలలో హద్దు 4ఎన్² కంటే తక్కువే అని తేలింది. చాలామంది ఈ సంగతిని మరిచిపోయి, నానో అనగానే లాభమే అనుకుంటారు.

2010లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి జోంగ్‌ఫూ యూ, ఆశ్వత్ రామన్, షాన్‌హుయ్ ఫాన్ వేరే దిక్కు నుంచి వచ్చారు. కొద్ది నానోమీటర్ల శోషక పొరను, దాని కంటే ఎక్కువ వక్రీభవన గుణకం ఉన్న పొరల మధ్య ఇరికిస్తే, విద్యుత్ క్షేత్రం ఆ సన్నని పొరలోనే గుమిగూడుతుంది. పైన చెదరగొట్టే అమరిక కూడా తోడైతే శోషణ పెరుగుదల 4ఎన్² కు పన్నెండు రెట్ల వరకు వెళ్లవచ్చని వారు లెక్కతో చూపించారు. 2012లో కాల్టెక్‌లో కాలహాన్, మండే, ఆట్‌వాటర్ దాన్నే ఒక్క వాక్యంలో చెప్పదగిన రూపానికి తెచ్చారు: శోషక పొర ఉన్న చోట కాంతి స్థితుల సాంద్రత, అదే పదార్థపు పెద్ద దిమ్మలో కంటే ఎక్కువగా ఉండేలా చేయగలిగితే కిరణ హద్దును, అంటే 4ఎన్² ను, దాటవచ్చు, లేకపోతే దాటలేము.

మాస్టారు "కొత్త చోటును పుట్టించలేదు" అన్నారు. గరుకుతనం పుట్టించలేదు, నిజమే. కానీ ఇరుగుపొరుగు పొరలను మారిస్తే సన్నని పొర ఉన్నచోట స్థితులు నిజంగానే పెరుగుతాయి. పెరిగిన ఆ స్థితులను కలుపుకుని చూసినా, వచ్చిన దారి పోయే దారి కూడా అన్న నియమం చెక్కుచెదరదు.

ఇంకో దారి కూడా ఉంది. ఘటం ఆకాశమంతటి నుంచీ కాకుండా ఒక సన్నని శంకువు నుంచే వెలుగును తీసుకునేలా చేస్తే, బయటికి పోయే తలుపులు కూడా అంతే తగ్గుతాయి. అప్పుడు హద్దు 4ఎన్² ను ఆ శంకువు అర్ధకోణపు సైన్ వర్గంతో భాగించినంత. సూర్యబింబపు అర్ధకోణం 0.27 డిగ్రీలే కాబట్టి కాగితం మీద లాభం అపారం. అయితే పలక రోజంతా సూర్యుణ్ణే చూస్తూ తిరగాలి, మబ్బుల్లో చెదిరి వచ్చే వెలుగును వదులుకోవాలి. శ్రావణ భాద్రపదాల్లో మన ఆకాశాన్ని చూసినవారికి ఆ నష్టం ఎంతటిదో చెప్పనక్కరలేదు.

విశ్రాంత అధ్యాపకుడు

పలుచనిపొర గారి సవరణను ఒప్పుకుంటున్నాను. నా వాక్యం మందపాటి, ఒకే పదార్థపు పలకకు మాత్రమే వర్తిస్తుందని అక్కడే రాయవలసింది.

వేఫర్‌గది

ఒక హెచ్చరిక చేర్చాలి. "50 రెట్లు" అనగానే కరెంటు 50 రెట్లు పెరుగుతుందని అనుకునేవారిని చూశాను. ఆ పెరుగుదల శోషణ అతి బలహీనంగా ఉన్నచోటే. 600 నానోమీటర్ల వెలుగు మొదటి దాటులోనే పూర్తిగా శోషణ చెందుతుంది, అక్కడ ఎంత తిప్పినా వచ్చే లాభం శూన్యం. లాభమంతా 1000 నుంచి 1150 నానోమీటర్ల మధ్యనున్న ఆ చిన్న పరారుణ ముక్కలోనే.

అయినా ఆ ముక్కే పలక మందాన్ని నిర్ణయిస్తుంది. పలక మందమైన కొద్దీ శోషణ పెరుగుతుంది, కానీ వెలుగు విడిపించిన ఎలక్ట్రాన్లు, అవి వదిలిన ఖాళీలు (హోల్స్) మళ్లీ కలిసిపోయి వృథా అయ్యే చోటు కూడా పెరుగుతుంది. ముఖ్యంగా ఆజే పునఃసంయోగాన్ని, అంటే అలా కలిసినప్పటి శక్తిని మూడో కణం తీసుకుపోయే విధాన్ని, ఏ శుభ్రతతోనూ తప్పించలేం. 4ఎన్² దాకా వెలుగును తిప్పగలమని అనుకుని 2013లో జర్మనీ పరిశోధకులు ఈ రెండింటినీ తూచినప్పుడు, సిలికాన్‌కు పై హద్దు 29.4 శాతం అనీ, అది 110 మైక్రాన్ల మందం దగ్గర వస్తుందనీ తేలింది. వెలుగును తిప్పే కళ లేకపోతే ఇంత పలుచటి పలక గురించి ఎవరూ ఆలోచించేవారు కాదు. ఒంటి సిలికాన్ ఘటాలు ప్రయోగశాలల్లో ఇప్పటికే 27 శాతాన్ని దాటాయి.

ఇంటికప్పు

పెరోవ్‌స్కైట్ అనే మరో సౌర ఘట పదార్థం గురించి పత్రికల్లో చదువుతున్నాను. దానికీ ఈ బాధ ఉంటుందా?

పలుచనిపొర

చాలావరకు ఉండదు. పెరోవ్‌స్కైట్ వెలుగును నేరుగా శోషిస్తుంది, జాలక కంపనం సాయం అక్కరలేదు. అందుకే అర మైక్రాన్ పొర చాలు. గాలియం ఆర్సెనైడ్ కూడా అటువంటిదే. అక్కడ ప్రశ్న మారిపోతుంది: ఘటం లోపల తిరిగి పుట్టిన ఫోటాన్లు అడుగున పాడవకుండా ముందు తలం గుండానే బయటికి రావాలి, అప్పుడే వోల్టేజీ పెరుగుతుంది. మంచి సౌర ఘటం మంచి ఎల్‌ఈడీ కూడా అయి ఉండాలన్న ఈ ఆలోచన యాబ్లోనోవిచ్, ఆయన సహచరులదే. ఆయన సహస్థాపకుడిగా ఉన్న ఆల్టా డివైసెస్ సంస్థ గాలియం ఆర్సెనైడ్ ఘటాలను 28.8 శాతానికి తీసుకువెళ్లింది కూడా ఈ దారిలోనే.

చుక్కతార

కూర్చుని మళ్లీ లెక్క వేశాను, సరిచూడగలరు. 150 మైక్రాన్ల పలక, 1100 నానోమీటర్ల వెలుగు. నున్నటి పలకకు అడుగున అద్దం ఉంటే దారి 300 మైక్రాన్లు, శోషణ 10 శాతం. 4ఎన్² చొప్పున అయితే దారి దాదాపు ఏడున్నర మిల్లీమీటర్లు. శోషణ గుణకాన్ని ఆ దూరంతో గుణిస్తే 2.6 వచ్చింది, దాన్ని దానికి ఒకటి కలిపిన సంఖ్యతో భాగిస్తే 72 శాతం. పదో వంతు నుంచి దాదాపు మూడొంతులకు! ఆ అంకెను చూసి చాలాసేపు కాగితం పక్కన పెట్టలేదు.

వేఫర్‌గది

లెక్క సరిగ్గా ఉంది. కానీ అడుగున ఉన్న అద్దం లోపం లేనిదని మీరు అనుకున్నారు. వెలుగు సగటున పన్నెండు సార్లు దాన్ని తాకుతుందని గుర్తుంచుకోండి. తాకిన ప్రతిసారీ అద్దం రెండు శాతం మింగినా, 49 మందాల దారి 40కి పడిపోతుంది. ఐదు శాతం మింగితే 31, పది శాతం మింగితే 23. మీ 72 శాతం శోషణ ఆ చివరి సందర్భంలో 55 దగ్గర ఆగుతుంది. పాత ఘటాలలో అడుగంతా అల్యూమినియం నేరుగా సిలికాన్‌కు అంటుకుని ఉండేది. తర్వాత వచ్చిన పెర్క్ అనే రకం ఘటాలలో ఆ రెంటి మధ్య ఒక పారదర్శక పొర పెట్టి, లోహం చిన్న చిన్న చోట్ల మాత్రమే తాకేలా చేయడానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి. మీ పట్టికలో ఒక నిలువు వరుస అద్దం నష్టానికి కేటాయించి, 1000 నుంచి 1150 వరకు పది నానోమీటర్ల మెట్లతో మళ్లీ వేయండి. మా లైనులో కొలిచిన వక్రరేఖ ఆకారం నాకు తెలుసు, మీ లెక్క దానితో ఎక్కడ విడిపోతుందో కలిసి చూద్దాం.

చుక్కతార

అలాగే. ఆదివారానికి పట్టిక ఇక్కడే పెడతాను.